డాష్‌బోర్డు మీద అఖండదీపం

కారున్న ప్రతి మగవాడి కారులోనూ చెక్ ఇంజన్ లైటు వెలుగుతూనే ఉండాలండీ! అది వెలగని బండికి నంబరు ప్లేటే ఇవ్వకూడదు. ఇది నా డిమాండు.

నవ్వకండి. మీ ఇంట్లో ఇంకా వెలగలేదు కాబట్టి నవ్వొస్తోంది. మా ఇంట్లో వెలిగింది. వెలిగినన్నాళ్ళూ మేం ఎంత సుఖపడ్డామో చెప్తాను, ఆ తర్వాత నవ్వాలో ఏడవాలో మీరే తేల్చుకోండి.

ఆ లైటు అంటే తెలియనివాళ్ళుంటారు. స్టీరింగు వెనక మీటర్ల మధ్య చిన్న పసుపు బొమ్మ. కుళాయికి చెవులు మొలిచినట్టుంటుంది. ఇంజన్‌కి ఒంట్లో బాగాలేకపోతే వెలుగుతుంది. ఏం బాగాలేదో మాత్రం చచ్చినా చెప్పదు! మా మూడేళ్ళ దివ్యశ్రీ కూడా అంతే. ఏడుపైతే మొదలెడుతుంది. కడుపునొప్పా, చెవిపోటా, నిద్రొస్తోందా అనేది మనం వెతుక్కోవాలి.

మాది బందరు. మా ఆయన నరేంద్రకి పక్కనే గిలకలదిండిలో చేపల వ్యాపారం. సెకండ్ హ్యాండుదే అయినా మాకో కారుంది. అది దాని మానాన అది తిరుగుతూ ఉండేది. ఒకరోజు పామర్రు దగ్గర మా చెల్లెలి మొగుడు కొత్త కారులో మమ్మల్ని దాటిపోతూ, అద్దం దించి చెయ్యూపాడు. అంతే! చెయ్యూపితే పలకరించినట్టనుకుంటారు లోకంలో. తోడల్లుళ్ళ మధ్య అది యుద్ధం ప్రకటించినట్టట!

ఆ వారంలోనే కారు గుడివాడ వెళ్ళింది. శోభనాద్రి అనే మెకానిక్కు దానికి టర్బో బిగించి పంపాడు. టర్బో అంటే ఇంజన్ నోట్లో గాలి కుక్కే పంకా. అలా కుక్కితే బండి పరుగెడుతుందట. నేనూ రోజూ పిల్ల నోట్లో పెరుగన్నం కుక్కుతున్నాను, అది గుమ్మం దాకా కూడా పరుగెత్తదు!

కారు ఇంటికొచ్చిన రోజు మా అత్తగారు సత్యవతమ్మగారు ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి రానిచ్చారు. మా ఆయన బానెట్ ఎత్తి, ఫిల్టరు ఊడదీసి మరీ తల్లికి చూపించాడు.

"ఇదిగోనే అమ్మా, ఇది దాని నోరు. ఇక్కణ్ణించే గాలి మింగుద్ది."

"నోరుందా? మరి కొత్తగా ఇంటికొచ్చిందాని నోట్లో ఏమన్నా వెయ్యద్దంట్రా?" అన్నారావిడ. అని, చిటికెడు కుంకం, చిటికెడు పసుపు, నాలుగు అక్షింతలు భక్తిగా ఆ గొట్టంలో వేశారు. ప్రతి శుక్రవారం ఇదే పూజ. ఫిల్టరు ఊడదీసేది కొడుకు, లోపల వేసేది తల్లి!

ఇక మా ప్రయాణాలు చూడాలి! బందరు దాటి చల్లపల్లి రోడ్డెక్కితే చాలు, పక్కన కాలువ, ఎదురుగా లారీ, ఒళ్ళో పిల్ల, గొంతులో నా ప్రాణం.

"ఏవండీ, కాస్త నెమ్మదండీ. పిల్లుంది."

"ఉంటే? దానికి సరదాగా ఉంది చూడు, ఎలా నవ్వుతుందో!"

"పక్కన కాలువండీ!"

"కాలువ దాని దారిన అది పోద్ది, మన దారిన మనం పోతాం. నువ్వు కళ్ళు మూసుకోవే."

మూసుకున్నాను. మూసుకుని మోపిదేవి స్వామికి మొక్కుకున్నాను, స్వామీ, నాకు నగలొద్దు, ఈయన కుడికాలు ఒక్కటీ కాస్త పైకి లేపు అని.

స్వామి విన్నాడు. మర్నాడే లైటు వెలిగింది!

వెలగడమే కాదండీ, కారు నలభై దాటడం మానేసింది. ఎంత తొక్కినా మూలుగుతుందే తప్ప కదలదు. ఇప్పుడు చెప్పండి, ఇంతకంటే వరం ఏముంటుంది?

మా ఆయన మారిపోయాడు! సైకిలుకి సైడిచ్చాడు. గేదెల మందకి హారన్ కొట్టకుండా, చేతులు కట్టుకుని, చివరి దూడ దాటేదాకా ఆగాడు. టర్బో పెట్టాక మొదటిసారి, మొవ్వ దగ్గర చేలు ఎంత పచ్చగా ఉంటాయో నాకు కళ్ళు తెరిచి చూసే భాగ్యం కలిగింది. పిల్ల కొంగల్ని లెక్కపెట్టడం నేర్చుకుంది. అంతకుముందు దానికి కొంగంటే ఒక తెల్లగీత!

ఇంటికి జనం రాకపోకలు పెరిగాయి. పొద్దున్నే బానెట్ లేస్తే చాలు, వీధి వీధంతా చుట్టూ మూగేది. "పెట్రోల్లో నీళ్ళు కలిశాయి బావా" అని ఒకరు. "బ్యాటరీ వైరు పీకి కాసేపాగి పెట్టు, అదే పోద్ది" అని ఇంకొకరు. పీకి పెట్టారు. నిజంగానే పోయింది! మా ఆయన మీసం దువ్వుకుని బయల్దేరాడు. చిలకలపూడి చేరేసరికి మళ్ళీ వెలిగింది. "దాని మీద స్టిక్కరొకటి అతికించెయ్ బావా, కనపడితే కదా బాధ!" అన్నాడు మూడో ఆయన. మా కుటుంబ సమస్యలన్నిటికీ ఇంతకాలం వాడుతున్న వైద్యం కూడా అదే!

గుడివాడ నుంచి శోభనాద్రిగారు ఫోన్లోనే ధైర్యం చెప్పేవాడు. కారు గుడివాడ తీసుకెళ్తే ఓసారి ప్లగ్గులు మార్చాడు. ఓసారి టర్బో గొట్టాల క్లిప్పులు బిగించాడు, గాలి లీకవుతోందని. ఓసారి సైలెన్సర్ దగ్గరి సెన్సారు మార్చాడు. మార్చిన ప్రతిసారీ ఒకటే మాట, "ఇదే తమ్ముడూ, దొరికేసింది!" అని. ఒకే రోగం అన్నిసార్లు దొరకడం నేనెక్కడా చూడలేదు.

మా అత్తగారు మాత్రం రోగం ఎప్పుడో కనిపెట్టేశారు. దిష్టి! "అందరి కళ్ళూ దాని మీదే పడ్డాయి" అన్నారు. పడ్డ కళ్ళకి సరిపడా మందు పడాలి కదా! శుక్రవారానికి మంగళవారం తోడైంది. చిటికెడు కాస్తా గుప్పెడైంది. గుప్పెడు పడ్డకొద్దీ లైటు ఇంకా దేదీప్యమానంగా వెలిగింది. అఖండదీపం అనుకుని నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇంత సుఖంలో ఉండగా మా చెల్లెలి సీమంతం దగ్గర పడింది. నాగాయలంకలో, మా పుట్టింట్లో. మా ఆయనకి నిద్ర పట్టలేదు. తోడల్లుడి ముందు నలభైలో వెళ్ళడమా! శోభనాద్రిగారిని బందరే రప్పించాడు. ఆయన స్కానర్ మిషను తగిలించి, గాలి కొలిచే సెన్సారు తప్పు చెప్తోందని తేల్చి, ఫిల్టరు ఊడదీసి, గొట్టంలోకి టార్చి కొట్టి, వేలు పెట్టి తీసి చూసుకున్నాడు.

"తమ్ముడూ, ఇదేంటి, లోపలంతా ఎర్రగా ఉంది? ఇంజన్ గానీ తాంబూలం వేసుకుందా?"

"కుంకం నాయనా. నేనే వేశాను" అన్నారు మా అత్తగారు, సంకోచం లేకుండా.

"మామ్మగారూ! బొట్టు బానెట్‌కి పెడతారండీ, ఊపిరితిత్తులకి పెడతారా?"

"ఆ మాట ముందే చెప్పాలి. వీడేమో నోరన్నాడు. నోరంటే నేను వేశాను."

శోభనాద్రిగారు గొట్టం తుడిచాడు, సెన్సారు మీద ఏదో మందు కొట్టి కడిగాడు. దీపం కొండెక్కింది! కారు ఒక్కసారి గర్జించింది. మా ఆయన మొహం వెలిగింది. నా మొహం సంగతి ఎవరూ చూడలేదు.

వెంటనే తోడల్లుడికి ఫోను. "తమ్ముడూ, నువ్వు గుడివాడ నుంచి రా, నేను బందరు నుంచి వస్తా. చల్లపల్లి సెంటర్లో కలుద్దాం. అక్కణ్ణించి నాగాయలంక దాకా చూసుకుందాం!" ఫోను పెట్టేసి నాతో, "రేపు పిల్లకి స్వెట్టరెయ్యి. గాలి బాగా కొడుద్ది" అన్నాడు.

అప్పుడు తెలిసిందండీ నాకు. ఆవగింజంత బల్బు ఆగమంటే ఈ మనిషి ఆగాడు. గేదెలు అడ్డమొస్తే ఆగాడు. పక్కసీట్లో, ఈయన కన్న పిల్లనే ఒళ్ళో పెట్టుకుని, ఇన్నాళ్ళుగా నెమ్మదండీ నెమ్మదండీ అంటున్న గొంతు మాత్రం వినపడలేదు. దానికి వైరింగ్ లేదు కాబోలు!

పోట్లాడలేదు. పొద్దున్నే పిల్లని ముస్తాబు చేసి, సారె బుట్ట పట్టుకుని ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్ళాను. వెనకాలే ఇంకో ఆటోలో మా అత్తగారు దిగారు.

"మీరు కారులో రారా అత్తయ్యా?"

"దేవుణ్ణి నమ్ముతాను గానీ వాణ్ణెలా నమ్మేదే? జరుగు, కిటికీ పక్కన నేను కూచుంటా."

బస్సు బందరు దాటేలోపే మా కారు వెనకే వచ్చేసింది. దివ్యశ్రీ వెనక అద్దం దగ్గరికెళ్ళి, "నాన్నా, నాన్నా" అని చెయ్యూపడం మొదలెట్టింది. ఎదురుగా కూతురు. ఆ బస్సుని హారన్ కొట్టి, కాలువ వైపుకి నెట్టి, దాటిపోగలడా? చల్లపల్లి సెంటర్లో మా చెల్లెలి మొగుడు హారన్ మీద హారన్ కొట్టాడు, చెయ్యూపాడు, విసిగిపోయి తనే ముందెళ్ళిపోయాడు. మా ఆయన కదల్లేదు. మోపిదేవిలో బస్సాగితే ఆగాడు. అవనిగడ్డలో చిల్లర కోసం కండక్టరు దిగితే, ఆయనెక్కేదాకా ఆగాడు.

నాగాయలంక ఇంకాస్త దూరం ఉందనగా డ్రైవరుకి విసుగొచ్చింది.

"ఎవడండీ బాబూ ఆ కారోడు! బందరు నుంచీ సైడిస్తానే ఉన్నా, పోడేం? బండిలో ఏమన్నా ప్రాబ్లమా?"

"ఏం లేదండీ, మా ఆయనే" అన్నాను. "కొత్తగా టర్బో పెట్టించారు."