లిఫ్టులో మానవ గౌరవం

మనిషికి హక్కులు పుట్టుకతోనే వస్తాయి; వాటి మీద విమర్శ మాత్రం నాలుగో అంతస్తులో, టీ విరామం తర్వాత వస్తుంది. హక్కుల సిద్ధాంత పరిశోధనా సంస్థ ఉన్నది అక్కడే మరి.

మా బాబాయి బైండింగు పని చేస్తాడు. ఆ సంస్థ వేసిన ‘మానవ గౌరవం: ఒక విమర్శ’ అనే లావుపాటి పుస్తకానికి అట్ట కట్టి, మొదటి ప్రతిని ఆవిష్కరణ సభకు పట్టుకెళ్లాడు. పిన్నీ నేనూ మెట్లెక్కాం. ఆయన లిఫ్టెక్కాడు (షుగరు మనిషి, మోకాళ్లు సహకరించవు). లిఫ్టు మూడో అంతస్తు దాటి ఆగిపోయింది.

“ఒరేయ్, తలుపు తీయించరా! బాత్రూముకెళ్లాలి, అర్జెంటు!” అని లోపలి నుంచి కేక.

తాళంచెవి డైరెక్టరుగారి దగ్గరుంటుంది. పిన్ని పరుగున వెళ్లి అడిగింది. ఆయన దాన్ని గుప్పిట్లో పట్టుకుని, పండితులందరినీ వెంటబెట్టుకుని లిఫ్టు దగ్గరికి వచ్చారు. సంస్థ నిబంధన ప్రకారం బాధితుడి తరఫున మరొకరు మాట్లాడరాదు. అది అతని గొంతు నొక్కడం. పైనుంచి వచ్చి కాపాడెయ్యడం ఇంకా పెద్ద తప్పు. అది రక్షకుడి అహంకారం.

“అమ్మా, మీరు ఆయన తరఫున మాట్లాడుతున్నారు,” అన్నారు డైరెక్టరుగారు మెత్తగా.

“పెళ్లయినప్పట్నుంచీ నేనే మాట్లాడుతున్నానండీ! ఆయనా మనిషేగా, ఎంతసేపని ఆపుకుంటాడు?”

“మనిషి అనే మాట దగ్గరే మాకు పేచీ,” అన్నాడో ఆచార్యుడు. “ఏ మనిషి? ఎవరు నిర్ణయించిన మనిషి?”

“నా మొగుడు!”

(దీన్ని కుటుంబ దృక్పథంగా నమోదు చేసుకున్నారు.)

చివరికి బాధితుడినే అడగాలని తీర్మానించారు. మైకు తెచ్చి తలుపు సందు దగ్గర పెట్టారు. “మీ స్థితిని మీ మాటల్లోనే చెప్పండి.”

బాబాయి చెప్పాడు. ఆ మాటలు అచ్చులో వేయడానికి వీల్లేదు. సభంతా చప్పట్లతో మారుమోగింది. అణగారిన గొంతు ఇంత స్పష్టంగా వినిపించడం సంస్థ చరిత్రలోనే మొదటిసారట. ఆ సంతోషంలో అందరూ భోజనాలకు వెళ్లారు.

చేతులు కడుక్కోవడానికి డైరెక్టరుగారు తాళంచెవి బల్ల మీద పెట్టారు. పిన్ని ఎవరినీ అడగలేదు, చటుక్కున తీసుకొచ్చి తలుపు తెరిచింది.

బాబాయి పుస్తకాన్ని ప్యాంటుకు అడ్డం పెట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. “ఆలస్యమైపోయిందే,” అన్నాడు పిన్నితో.

వీధి పొడవునా అలాగే నడిచి ఇంటికొచ్చాడు. ఆ సంస్థ ఇప్పటిదాకా చాలా పుస్తకాలు వేసింది. ఒక మనిషి గౌరవాన్ని కాస్తయినా కాపాడింది మాత్రం అదొక్కటే. అదీ అట్ట వెడల్పుగా ఉండబట్టి.