రెండు దీపాల జీపు

రాజ్యం మారినప్పుడు మొదట జెండా మారుతుంది, ఆ తరువాత ఫారాలు మారతాయి. ఇంజను మీది మురికి మాత్రం ఎవరి హయాంలోనైనా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది.

పోలీసు యాక్షన్ జరిగిన నాలుగో నెలలో సికింద్రాబాదులో ఒక సర్క్యులర్ వెలువడింది. పాత ప్రభుత్వంలో పేరుకున్న మురికిని కొత్త ప్రభుత్వ వాహనములు మోయరాదనీ, తెల్ల చేతిరుమాలుతో ఇంజను తుడిచినప్పుడు రుమాలు తెల్లగానే ఉండవలెననీ దాని సారాంశం. (తుడవకముందు రుమాలు ఎలా ఉండాలో చెప్పలేదు.)

మారేడ్‌పల్లి మోటారు ఖానాలో పదహారేళ్లుగా మెకానిక్ పని చేస్తున్న ఫకీర్‌కు నలభై రెండో నంబరు జీపును అప్పగించారు. గురువారం తనిఖీ. రుమాలు నల్లబడితే నౌకరీ ఊడుతుంది, తెల్లగా ఉంటే ఖాయమవుతుందని చెప్పారు. ఫకీర్ బానెట్ ఎత్తి చూశాడు. లోపల ఇంజను ఉందని నమ్మాల్సిందే తప్ప కనబడదు. నల్లగొండ మన్ను, ఐదేళ్ల నూనె జిడ్డు, ఎవరిదో ఒక కోడి ఈక కలిసి అట్టు కట్టి ఉన్నాయి. అతనికి భయం వేసింది.

ఆ అట్టును కరిగించేది ఒక్క కిరసనాయిలే. (పెట్రోలు నడపడానికే గాని కడగడానికి కాదని వేరే సర్క్యులర్ ఉంది.) కిరసనాయిలు రేషన్ కార్డు మీదే ఇస్తారు. కొత్త కార్డులుగా మార్చి ఇస్తామని మారేడ్‌పల్లి వాళ్ల పాత కార్డులన్నీ సప్లయి ఆఫీసు పట్టుకుపోయి రెండు నెలలైంది, ఒక్కటీ తిరిగి రాలేదు. ఫకీర్ ఇంట్లో దీపమే లేదు.

అతను జీపును సప్లయి ఆఫీసు గుమ్మం ముందు నిలిపి లోపలికి వెళ్లాడు. అక్కడి గుమాస్తా పేరు బ్రహ్మచారి, మంచివాడు. రూలు దాటడు, రూలు సందులోంచి ఎంత దూరగలిగితే అంత దూరతాడు.

"చారి సాబ్, ఇంజను కడగనీకి నాలుగు సీసాల నూనె గావాలె."

"ఇంజనుకు ఫారం లేదు ఫకీర్ భాయ్. ఇంటికే ఉన్నది. పాత కార్డు మార్చుడంటే శానా దినాలు పడ్తది. కొత్త దరఖాస్తయితే ఇయ్యాల్నే మంజూరు. దీపాలెన్ని?"

"మా ఇంట్లనా?"

"నీది పాత కార్డు, దాని ముచ్చట ఎత్తకు. జీపుకు ఎన్ని?"

"రెండు. ఒకటి ఎలుగది."

"రెండని రాస్తున్న."

అలా ఫారం నిండింది. ఇంటి యజమాని పేరు: నలభై రెండు. తండ్రి పేరు: సర్కార్. నివాసం: మారేడ్‌పల్లి, ఐదేళ్లుగా. కుటుంబ సభ్యులు: నలుగురు. స్టెప్నీ టైరును కూడా కలపమని ఫకీర్ అడిగితే, వచ్చిపోయే చుట్టాలకు రేషన్ లేదని బ్రహ్మచారి కొట్టేశాడు. యజమానికి సంతకం రాదు గనుక ముద్ర వేయించాల్సి వచ్చింది. ఆఫీసులో సిరా నిండుకుని చాలా కాలమైంది. ఇంజను మసినే చారెడు తీసి ముందు టైరుకు పూసి, కాగితం అద్దారు. ముద్ర చక్కగా పడింది.

నూనె వచ్చింది. (జొన్నలు కూడా వచ్చాయి. జీపు జొన్నలు తినదన్న సంగతి ఫకీర్ భార్య జైతున్ బీ ఎవరికీ చెప్పలేదు.)

ఫకీర్ మూడు రోజులు ఇంజనుతో కుస్తీ పట్టాడు. చల్లారనిచ్చి, తడి తగలకూడని చోట్లన్నీ మైనపు గుడ్డతో కట్టి, కిరసనాయిలు పూసి నానబెట్టాడు. వెదురు పుల్లతో గీకాడు, కొబ్బరి పీచుతో తోమాడు, వేపపుల్ల నమిలి బోల్టుల సందులు సైతం కుచ్చుతో రుద్దాడు. కోడి ఈకను పారేయకుండా మోటారు ఖానాలో అందజేసి రసీదు తీసుకున్నాడు.

గురువారం తనిఖీ అధికారి సామ్యూల్ సాబ్ ఇంజనంతా రుమాలుతో తుడిచారు. తరువాత అదే రుమాలుతో తన కళ్లజోడు కూడా తుడుచుకున్నారు. 'మసి బొత్తిగా లేదు' అని రాసి, పై అధికారులు వచ్చి చూసేదాకా బండిని కదిలించరాదనీ, దుప్పటి కప్పి ఉంచవలెననీ ఆజ్ఞ వేశారు.

"మరి నా నౌకరీ ఖాయమేనా సాబ్?" అన్నాడు ఫకీర్.

"జీపు ఖాయం. నువ్వు పాత ప్రభుత్వంలో పనిచేసినవాడివి కదా, నీకు జామీను కావాలి."

జీపు కూడా పాత ప్రభుత్వంలోనే పనిచేసింది.

జామీను రూలు తేలికైనదే. నౌకరును కనీసం ఐదేళ్లుగా ఎరిగి, అదే పేటలో ఉంటూ, కొత్త రేషన్ కార్డు గల ఇంటి యజమాని ముద్ర వేస్తే చాలు. ఫకీర్ మారేడ్‌పల్లి అంతా తిరిగాడు. మంచివాడని చెప్పేవాళ్లు గడపకొకరు దొరికారు, కొత్త కార్డు ఉన్నవాళ్లు దొరకలేదు. చివరికి, జామీను ఫైళ్లు కూడా చూసే బ్రహ్మచారి దగ్గరికే వచ్చాడు. ఆయన రిజిస్టరు తిరగేసి ఒక పేరు దగ్గర వేలు ఆపాడు.

"మారేడ్‌పల్లిల కొత్త కార్డు ఒక్కలకే ఉన్నది ఫకీర్ భాయ్. నిన్ను ఐదేండ్ల సంది ఎరిగినోడే."

ఫకీర్ తొంగి చూశాడు. 'నలభై రెండు, తండ్రి పేరు సర్కార్' అని ఉంది. "ముద్ర ఏస్తే చెల్లుతదా సాబ్?"

"ఎందుకు చెల్లదు? కార్డు మీద చెల్లలేదా? సిరా అయితే ఇంకా రాలే. ఆనాటి లెక్కనే ఇంజను మసి జెర తీస్కరా."

ఫకీర్ తన చేతులు చూసుకున్నాడు. పదహారేళ్లలో మొదటిసారి గోళ్లు కూడా తెల్లగా ఉన్నాయి.

"మసి లేదు సాబ్. లేదని సామ్యూల్ సాబ్ రాసిచ్చిండు. పక్క బండిది తెస్తా."

"ఇంకొకరి మసితోని ముద్రేస్తే జాలీ దస్తావేజు అయితది, దొంగ కాగితం."

"బండిని నేరేడ్‌మెట్ దాంక ఒక్కపారి తిప్పుకొస్తా. మస్తు మసి అయితది."

"కదపొద్దని ఆర్డరున్నది గద భాయ్."

ఫకీర్‌కు ఏడుపొచ్చింది. తన నౌకరీ మొత్తంలో ఇంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు.

బ్రహ్మచారికి కూడా బాధ కలిగింది. అయినా కలం తీసి ఫైలు మీద రాయవలసింది రాశాడు: 'జామీనుదారు అభ్యంతరం చెప్పలేదు. ముద్ర వేయుటకు మసి లేనందున, ఇంజను తగినంత మురికి అగువరకు ఫకీర్ నౌకరీ నిలిపివేయడమైనది. అంతవరకు దుప్పటి తీయరాదు.'