మంత్రిగారి నీటిరంగులు

"ఖాళీ సమయాన్ని అందంగా గడపడం చేతకానివాడికి ప్రజల్ని పాలించే అర్హత లేదు" అని మంచినీటి సరఫరా మంత్రిగారు ప్రకటించారు. మర్నాడు పేపర్లన్నీ ఆ మాటను మొదటి పేజీలో వేశాయి. చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మంత్రిగారి దగ్గర ఖాళీ సమయం తప్ప మరేమీ లేదని మా వీధిలో కొందరు అజ్ఞానులు అంటూ ఉండేవారు. ఆ ఉన్నదాన్నే ఆయన దేశసేవకు వాడబోతున్నారని తెలిశాక వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

ఖాళీ ఉంటే సరిపోదు, అందులో పెట్టడానికి ఒక హాబీ కావాలి. దాన్ని వెతకడానికి పీఏగారు నడుం కట్టారు. ఆయన్ని అందరూ చిత్తంగారు అంటారు. మంత్రిగారు తుమ్మినా "చిత్తం" అంటారు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ముందు చదరంగం అనుకున్నారు. మంత్రిగారితో ఆడితే ఎదుటివాడు ఓడిపోవాలి. ఓడిపోగల ఆఫీసర్లకు కొదవలేదుగానీ, కావాలని ఓడిపోయినట్టు తెలియకుండా ఓడిపోగలవాడు శాఖ మొత్తంలో దొరకలేదు. తోటపని అంటే, మొక్కలకు పోసిన నీళ్ళెక్కడివని సభలో ప్రశ్న పడుతుంది. చేపలు పట్టాలంటే ఏటిలో నీళ్ళుండాలి. చివరికి బొమ్మలు వెయ్యడం ఖాయమైంది. వేస్తే నీటిరంగులతోనే వేస్తానని, శాఖమీద అభిమానంకొద్దీ మంత్రిగారే పట్టుబట్టారట.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా వీధి మొదట్లో పటాలు కట్టే షాపు నాదే. మంత్రిగారి మొట్టమొదటి బొమ్మకు ఫ్రేము కట్టే భాగ్యం నాకే దక్కింది. అది కొండో ఏనుగో అడగడం మర్యాద కాదని, ఏది పైవైపో మాత్రం చెప్పమని చిత్తంగారిని బతిమాలాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం ఉన్నవైపు కిందనుకోమన్నారు.

ఆ ఫ్రేము తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడే ఆయన కన్ను మా వీధి కుళాయిమీద పడింది. లోపలెక్కడో పైపు పగిలి, ఆ కుళాయిలో చుక్క రాలి చాలాకాలమైంది. అయినా ఎప్పటికైనా రాకపోతుందా అని ఆడవాళ్ళు దానిముందు బకెట్లు వరసపెట్టి ఉంచుతారు. ఎర్రవి, నీలంవి, పసుపువి, చెవి విరిగినవి, చాలా ఉన్నాయి. తాగడానికీ వంటకీ పక్కవీధినుంచి మోసుకొచ్చుకుంటాం. మా ఇంట్లో ఆ మోత మా అత్తగారిది. ఆవిడ మోకాళ్ళు ఆ దారిలోనే అరిగిపోయాయి. చిత్తంగారు బకెట్ల వరసను మైమరచి చూశారు. సార్ ఈ రంగులు చూసి తీరాలి అన్నారు.

గురువారం సాయంత్రం మంత్రిగారు దిగారు. కుర్చీ, స్టాండు, గొడుగు, కాగితాలు వెనకాలే దిగాయి. మంత్రిగారు కుంచె పట్టుకుని, నీళ్ళేవన్నారు. చిత్తంగారు నన్నడిగారు, నేను మా అత్తగారిని అడిగాను.

"ఆయన్నే అడగండి అల్లుడుగారూ, ఆ శాఖ ఆయనదేగా" అంది ఆవిడ.

గడపగడపా ఎక్కి దిగినా ఎవరూ గ్లాసెడు నీళ్ళు బయటపెట్టలేదు. చిత్తంగారు ఫోను తీశారు. మేం చెప్పులరిగేలా తిరిగినా ఉలకని పలకని శాఖ, ఆ ఒక్క ఫోనుకు ట్యాంకరు పంపింది. మంత్రిగారు అందులోంచి ఒక గ్లాసు పట్టించుకున్నారు. మిగతాది ఏం చెయ్యమంటారని డ్రైవరు అడిగాడు. బయల్దేరిన ట్యాంకరు నిండుగా వెనక్కి రాకూడదని వాళ్ళ శాఖలో రూలట. అతను ఆ మాట పూర్తిచేసేలోపే బకెట్లన్నీ లేచి ట్యాంకరు చుట్టూ చేరాయి. బొమ్మ వేద్దామనుకున్న బకెట్లు కళ్ళముందే పరుగెత్తేసరికి మంత్రిగారు చిన్నబుచ్చుకున్నారు. వచ్చే గురువారానికి అన్నీ ఖాళీచేసి మళ్ళీ ఇలాగే పెట్టి ఉంచుతామని మా అత్తగారు ఆయన్ని ఓదార్చింది.

ఆ వారమే మా వీధిలో కళాభిమానుల సంఘం పుట్టింది. మా అత్తగారు అధ్యక్షురాలు, నేను కార్యదర్శిని. అంతవరకు బొమ్మకూ బొగ్గుకూ తేడా తెలియనివాళ్ళం కాస్తా రెండు గురువారాల్లో ఆరితేరిపోయాం. ఆకాశం ఇంకాస్త కడిగితే తేటపడుతుందని ఎదురింటి దర్జీ సలహా ఇచ్చాడు. ఒక రంగు కడిగిన నీళ్ళలో ఇంకో రంగు కుంచె ముంచడం ఆరోగ్యశాస్త్రానికే విరుద్ధమని ఆస్పత్రిలో పనిచేసే నర్సు తేల్చిచెప్పింది. దాంతో ట్యాంకర్లు రెండయ్యాయి. ఈ బొమ్మను తొందరపడి పూర్తిచెయ్యవద్దని, గొప్ప బొమ్మలకు ఏళ్ళు పడతాయని మా ఆవిడ చేతులు జోడించి వేడుకుంది. మంత్రిగారికి కళ్ళు చెమర్చాయి. సామాన్యుల్లో ఇంత కళాదాహం ఉందని ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదని ఆయన వాపోయారు. చిత్తం అన్నారు చిత్తంగారు.

ఇలా కళ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్న రోజుల్లో, ఒక ఉదయం ఇంజనీరుగారు లారీనిండా కొత్త పైపులు వేసుకుని వచ్చారు. స్వయానా మంత్రిగారు వారంవారం ఎండిన కుళాయి ముందు కూర్చుంటుంటే ఆయనకు తల కొట్టేసినట్టుందట. పొద్దుగూకేలోపు ఇంటింటికీ నీళ్ళిస్తానన్నారు.

సంఘం అత్యవసరంగా మా షాపు అరుగుమీద సమావేశమైంది. మా ఆవిడ విషయం విడమరిచి చెప్పింది. కుళాయి వస్తే బకెట్లు నిండుతాయి. బకెట్లు నిండితే బొమ్మ పాడవుతుంది. బొమ్మ పాడైతే మంత్రిగారు రారు, ఆయన రాకపోతే ట్యాంకర్లూ రావు. పైపును ఒకసారి నమ్మి చెడ్డాం. మంత్రిగారు మాత్రం ఒక్క గురువారం తప్పలేదు. ఆ తర్కానికి అందరూ తలూపారు. మా అత్తగారు ఒక్కతే ఊపలేదు.

"పైపు వేస్తే అది మనదవుతుంది. ట్యాంకరు ఎప్పటికీ ఆయనదే. నా మోకాళ్ళతో ఒక్కసారి ఆలోచించండి" అంది.

పెద్దావిడకు కళావిలువలు తెలియవని సరిపెట్టుకున్నాం. అప్పటికి మంత్రిగారి బొమ్మలు పది నా షాపులో ఫ్రేములకోసం ఎదురుచూస్తున్నాయి, అది వేరే సంగతి. కార్యదర్శి హోదాలో వెళ్ళి, కళాసాధనను మధ్యలో భగ్నం చెయ్యవద్దని ఇంజనీరుగారిని కోరాను. ఆయన నమ్మలేక మళ్ళీ మళ్ళీ అడిగారు. అంతలో చిత్తంగారి ఫోను కూడా వచ్చింది, బొమ్మ పూర్తయ్యేదాకా కుళాయి జోలికి వెళ్ళవద్దని. తెచ్చిన పైపులు వెనక్కి తీసుకెళ్ళే రూలు కూడా లేదు కాబట్టి ఆయన వాటిని పక్కవీధిలో వేసిపోయారు. వాళ్ళకిప్పుడు ఇంటికి రెండు కుళాయిలు. ఇన్నాళ్ళూ మమ్మల్ని నీళ్ళు పట్టుకోనిచ్చినవాళ్ళు, మీకు ట్యాంకర్లున్నాయిగా అని గేటుకు తాళం వేసుకున్నారు.

ఆపైన మంత్రిగారి చిత్రప్రదర్శన జరిగింది. పేరుమోసిన కళావిమర్శకుడు ఒకాయన వచ్చి, గోడలన్నీ కలయతిరిగి, చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. ఈ చేతిలో శాశ్వతత్వం ఉందిగానీ ఈ రంగుల్లో లేదన్నారు. నీటిరంగులు వెలిసిపోతాయని, వందల ఏళ్ళు నిలవాలంటే ఆయిల్ పెయింటింగే శరణ్యమని మంత్రిగారి చెవిన వేశారు. మంత్రిగారు గంభీరంగా తలపంకించారు. వందల ఏళ్ళ తర్వాతి ఓటర్ల గురించి కూడా ఆలోచించే నాయకుణ్ణి నేను కళ్ళారా చూడడం అదే మొదలు.

గురువారం వచ్చింది. వీధంతా బకెట్లు బారులు తీరాయి. కారు వచ్చింది, కుర్చీ వచ్చింది, గొడుగు వచ్చింది. చిత్తంగారు సంచిలోంచి రంగు ట్యూబులూ, ఒక చిన్న సీసా తీసి బల్లమీద పెట్టారు. మేమందరం వీధి మలుపువైపు మెడలు చాచి నిలబడ్డాం. కాసేపు చూసి, ట్యాంకరు ఆలస్యమైందా అని చిత్తంగారిని అడిగాను.

"ఇక నీళ్ళతో పనిలేదండీ. ఇందులో టర్పెంటైన్ ఉంది, కుంచెలు దీంతోనే కడుక్కుంటాం" అన్నారాయన.

దర్జీ నావైపు చూశాడు, మా ఆవిడ నేలవైపు చూసింది. మంత్రిగారు మాత్రం మహా హుషారుగా ఉన్నారు. ఒక్క బకెట్టు కూడా కదలడం లేదని, ఇన్నాళ్ళకు మాకు క్రమశిక్షణ అబ్బిందని మెచ్చుకున్నారు. ఉన్నదున్నట్టు ఖాళీ బకెట్లు వేస్తే శాఖకు అప్రతిష్ఠ అని చిత్తంగారు గుర్తుచేశారు. అదీ నిజమేనని మంత్రిగారు నీలం ట్యూబు పిండారు.

చీకటిపడేవేళకు బొమ్మ పూర్తయింది. మేం చప్పట్లు కొట్టాం, అలవాటైన చేతులు కదా. మా అత్తగారు తన బకెట్టు పట్టుకుని, కుంటుకుంటూ బొమ్మ దగ్గరికి వెళ్ళింది. అందులో మా వీధి బకెట్లన్నీ అంచులదాకా నిండి తొణుకుతున్నాయి. ఆవిడ తన ఎర్ర బకెట్టును గుర్తుపట్టి వేలు చాపింది.

"ముట్టుకోకండమ్మా, ఇంకా తడిగా ఉంది" అన్నారు చిత్తంగారు.