టీవీకి నోరెందుకు?

నాలుగేళ్ల పిల్లకు ఏ కార్యక్రమం చూపించాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నారా? మానెయ్యండి! నేను కనిపెట్టేశాను. ఏదైనా చూపించవచ్చు. సౌండు మాత్రం ఉండకూడదు.

ఇది గాలి కబురు కాదు. భిలాయిలో రెండు గదుల క్వార్టర్లో మా అమ్మాయి మెర్లిన్ మీద ఏడాదిగా జరుగుతున్న ప్రయోగం. స్టీల్ ప్లాంటులో నాకు మూడు షిఫ్టులు. ఏ షిఫ్టు చేసినా పిల్ల మెలకువగా ఉన్నప్పుడు నేను నిద్రలో ఉంటాను. ఇంత క్రమశిక్షణ ఎందరు తండ్రులకుంది చెప్పండి?

నా భార్య వెరోనికా స్కూల్లో టీచరు. పొద్దున్నే వెళ్లిపోతుంది. ఇక మిగిలింది మెర్లిన్, మా అమ్మ సులోచన, టీవీ, తలుపవతల నా గురక. టీవీ అరిస్తే నేను లేస్తాను. నేను లేస్తే ఇంకా గట్టిగా అరుస్తాను. అందుకని రిమోట్‌లో మ్యూట్ బటన్ నొక్కేశాం. నొక్కీ నొక్కీ దాని మీద బొమ్మ కూడా చెరిగిపోయింది.

లాభాలు వినండి! కార్టూన్లో ఎర్రటోపీ ఎలుగుబంటి ఒకటుంది. బాతును తరిమి తరిమి సుత్తితో కొడుతుంది. సౌండు పెట్టుకుని చూసిన ఎదురింటివాళ్ల మనవడు దివాన్ మీంచి దూకి గడ్డానికి మూడు కుట్లు వేయించుకున్నాడు. మా ఇంట్లో అలాంటి హింస లేదు. ఎందుకంటే కథ మా అమ్మ చెబుతుంది.

మా అమ్మ విజయనగరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆవిడ హిందీ కూరగాయల బండి దగ్గరే ఆగిపోయింది. టీవీ ఏమంటోందో ఆవిడకు ఎలాగూ తెలియదు.

"అదిగో, బాతు గుంటడు తలంటుకోనని పారిపోతన్నాడు," అని గుసగుసగా చెబుతుందట. ఎలుగు సుత్తి ఎత్తితే, "నూనె రాస్తంది సూడు. ఊరుకోరా, కళ్లల్లో పడిపోద్ది!" బాతు కొండ మీంచి పడితే సేపలకెళ్లినట్టు. బాంబు పేలితే క్రిస్మస్ వచ్చేసినట్టు.

ఇంతకన్నా గొప్ప సెన్సారు బోర్డు దేశంలో ఉందా?

అన్నిటికన్నా పెద్ద లాభం మా మెర్లిన్ బుద్ధి. అడుగు తీసి అడుగు వేస్తే వినపడదు. నేనున్న గదిలోకి రానే రాదు. ఎదురింటి వాసుదేవరావు గారు, రైల్వేలో రిటైరైన పెద్దమనిషి, ఒకసారి అడగనే అడిగారు. "పాప ఊరెళ్లిందేటండీ డేవిడ్‌రాజ్ గారూ? సప్పుడే నేదు?" నేను దాన్ని సర్టిఫికెట్ కిందే తీసుకున్నాను.

అంతా బాగానే ఉండగా ఆదివారం పేపర్లో ఒక నిపుణుడు వ్యాసం రాశాడు. పిల్ల వయసుకు తగిన కార్యక్రమం ఎంచుకోవాలట. పక్కన కూర్చోవాలట. చూస్తున్నంతసేపూ పిల్లతో మాట్లాడాలట. ఈయన ఎన్నడూ షిఫ్టు డ్యూటీ చెయ్యలేదని నాకు అక్కడే తెలిసిపోయింది. అయినా, సరే, వీక్లీ ఆఫ్ రోజున ఆయన సరదా తీరుద్దామనుకున్నాను.

మెర్లిన్ పక్కన కూర్చుని సౌండు పెట్టాను. ఎలుగు హిందీలో గాండ్రించింది. పిల్ల ఉలిక్కిపడి, రిమోట్ లాక్కుని, మ్యూట్ నొక్కింది.

"గందా భాలూ," అంది మొహం చిట్లించి. చెడ్డ ఎలుగట.

"అయితే నేను చెబుతానమ్మా కథ," అన్నాను. చెప్పాను కూడా. "బాతు వెళ్తోంది. ఎలుగు వెనకాల వెళ్తోంది. ఇప్పుడు, ఇప్పుడు సుత్తి తీసింది." అంతకు మించి నాకేమీ తోచలేదు. నా గొంతు నాకే ప్లాంటు గేటు దగ్గర సేఫ్టీ అనౌన్స్‌మెంట్‌లా వినిపించింది.

మెర్లిన్ నా వంక జాలిగా చూసింది. చానల్ తిప్పి వార్తలు పెట్టింది, సౌండు లేకుండానే. లోపలికి వెళ్లి నా తలగడ ఈడ్చుకొచ్చి ఒళ్లో పడేసింది. రిమోట్ చేతిలో పెట్టింది. పెదాల మీద వేలుంచి గుసగుసగా అంది.

"నాన్నా, నువ్వు ఇది సూడు. అల్లరి సెయ్యకు. నేను మామ్మ దగ్గరకెళ్తాను."

వెళ్తూ వెళ్తూ, నేను నేర్పించినట్టే, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది. కాసేపటికి వంటింట్లోంచి పకపకా నవ్వు వినబడింది. నా కూతురు అంత గట్టిగా నవ్వుతుందని నాకు అప్పుడే తెలిసింది.

అయ్యా నిపుణుడు గారూ! మీరు చెప్పినట్టే పక్కన కూర్చున్నాను. పిల్ల లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో మీ వ్యాసంలో లేదు. రెండుసార్లు చదివాను.