సుబ్బరాయప్పగారి మెడలోని సంతకం

"వెనుకబడిన కుటుంబాల ఆడపిల్లలు ఇంజనీరింగ్‌కు ఎందుకు రావడం లేదో, ఆ అడ్డంకి పాతాళంలో ఉన్నా తవ్వి తీస్తాం!" అని మా ప్రత్యేకాధికారి సుబ్బరాయప్పగారు కృష్ణగిరిలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ఆయన జీపు డ్రైవర్‌ని కాబట్టి నా ఛాతీ కూడా రెండంగుళాలు పొంగింది.

సారు మహా జాగ్రత్త మనిషి. ఆయన డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్‌లాంటి వస్తువు. ఆఫీసు కంప్యూటర్‌లో గుచ్చితేనే సర్టిఫికెట్ బయటికొస్తుంది. ఎవరూ దుర్వినియోగం చేయకూడదని దానికి ఎర్రతాడు కట్టి మెడలోనే వేసుకుంటారు.

సర్వేకి బయల్దేరుతుంటే రంజిత అనే అమ్మాయి జీపుకి అడ్డమొచ్చింది.

"సార్, మా ఇంట్లో నేనే మొదట కాలేజీకి పోయేది. ఫీజు మాఫీ సర్టిఫికెట్ ఈపొద్దు ఐదు లోపల ఇయ్యకుంటే ఇంజనీరింగ్ సీటు పోతుంది సార్."

"ఆఫీసులో కూర్చోమ్మా. మీలాంటోళ్ల కోసమే పోతావుండాను."

కుందారపల్లిలో గొర్రెలు తోలుకొస్తున్న కెంపమ్మను పట్టుకున్నాం. సారు అరవై నాలుగు ప్రశ్నల ఫారం తీశారు.

"ఇంజనీరింగ్‌కి నీకుండే మానసిక అడ్డంకి ఏందమ్మా?"

"నాకేం అడ్డంకప్పా! నీ జీపే అడ్డముండాది, గొర్రెలు పోవాల."

"నీ కూతురు యాడ?"

"రంజితా? సర్టిఫికెట్‌కని మీ ఆఫీసుకే పోయిందప్పా. పొద్దన్నుంచి ఆడనే కాసుకోనుండాది."

నేను వాచీ చూసుకున్నాను. నాలుగైంది. "సార్, ఇప్పుడు పోతే అరగంటలో ఆఫీసు చేరతాం," అన్నాను.

"ఫీల్డ్ వర్క్‌లో ఆఫీస్ వర్క్ కలిపితే డేటా చెడిపోతుందప్పా. ఇంకా నలభై రెండు ప్రశ్నలుండాయి," అని, ఫారంలో ఇంగ్లీషులో రాసుకుంటూ పైకి చదివారు. "అభ్యర్థిని ఇంట్లో లేదు. ఆసక్తి తక్కువ."

మేం తిరిగొచ్చేసరికి ఆరున్నర. రంజిత ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఉంది. సారు ఆ పిల్ల తల నిమిరి, "రేపు రామ్మా," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ ఫారంలో డ్రైవర్ ఏడుపుకి గడి లేదు.

ఆర్నెల్లకి హోసూరులో ఏసీ హోటల్లో నివేదిక విడుదల సభ జరిగింది. మూడొందల పేజీలు. సీటొచ్చినా చేరని అమ్మాయిగా రంజిత కథ మొదటి అధ్యాయం. ఫ్యాక్టరీలో సెల్‌ఫోన్లకు స్క్రూలు బిగిస్తున్న ఆ పిల్లను సగం పూట లీవు పెట్టించి, యూనిఫాంలోనే వేదికెక్కించారు.

అప్పుడే సన్మానం అందుకున్న సారు జరీ శాలువాతో ధగధగలాడుతున్నారు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

"భయపడకుండా చెప్పమ్మా. నీకొచ్చిన అడ్డంకి యాడుండాది?"

రంజిత వేలెత్తి తిన్నగా సారు మెడ చూపించింది.

సారుకి కళ్లు చెమర్చాయి. "పాపం, శాలువా అడుగుతావుండాది!" అంటూ అక్కడికక్కడే తీసి ఆమెకి కప్పేశారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మర్నాడు అన్ని పేపర్లలోనూ ఆ ఫోటోనే. రంజిత భుజాన శాలువా, సారు మెడలో ఎర్రతాడు.