పిడికిట్లో పచ్చబిళ్ళ

హయసె నాచు పరిశ్రమ వారి పరుగుల జట్టు వరుసగా మూడో ఏడు కూడా ఓడిపోలేదని పాఠకులకు మనవి. కొత్త సంవత్సరపు ఎకిడెన్ పందెంలో ఆఖరి స్థానాన్ని ఎవరికీ వదలకుండా నిలబెట్టుకుంది. ఈ సంగతి అధ్యక్షులు హయసెగారే సభాముఖంగా ప్రకటించారు కనుక అనుమానించవలసిన పని లేదు.

తొట్లలో పెంచిన నాచును ఎండబెట్టి బిళ్ళలు కట్టి అమ్మడం ఆ పరిశ్రమ వారి వృత్తి. బిళ్ళ మింగినవాడికి ఆయాసం రాదని డబ్బా మీద అచ్చువేశారు. అచ్చువేసే ముందు శాస్త్రీయంగా పరీక్షించారు కూడా. బిళ్ళ తిన్న ఎలుకలు తొట్టిలో చాలాసేపు ఈదాయి. బయటికి తియ్యడం మర్చిపోయారు కనుక ఈదాయని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

ఈ జట్టులో ఆఖరి దూరం పరిగెత్తేవాడు కుజుమి. ఎకిడెన్‌లో ఒకడు పరిగెత్తి, భుజాన అడ్డంగా వేసుకున్న పట్టీ తీసి రెండోవాడికి అందిస్తాడు. అలా చేతులు మారుతూ ఆ గుడ్డ గమ్యం చేరాలి. వెనకవాడు మరీ ఆలస్యం చేస్తే రోడ్డు ఎంతసేపని మూసి ఉంచుతారు? పందెం వాళ్ళు ముందు ఎదురుచూస్తున్నవాడికి ఏ జట్టుదీ కాని ఉత్త పట్టీ ఒకటి తగిలించి తరిమేస్తారు. తన జట్టు పట్టీ వరస అలా తెగిపోవడం అక్కడ సామాన్యమైన అవమానం కాదు. మగవాళ్ళు రోడ్డు మీద బోర్లాపడి ఏడుస్తారు.

కుజుమి మూడేళ్ళుగా ఉత్త పట్టీతోనే పరిగెత్తాడు. అతనికి జీతం పెరగాలని లేదు, పెళ్ళి కావాలని లేదు. అయిదుగురి చెమటతో తడిసిన ఆ ఆకుపచ్చ పట్టీని ఒక్కసారి తన భుజాన వేసుకుని గమ్యం దాటాలి. అంతే.

నాలుగో ఏడు పందెం నాటి పొద్దున అధ్యక్షులవారు స్వయంగా సాగనంపడానికి వచ్చారు. పీటల మీద వేడివేడి మిసో పులుసు, అన్నం, పక్కన చెక్క కొలపాత్ర నిండా పచ్చబిళ్ళలు. వాళ్ళ దేశపు మర్యాద మీకు తెలియంది కాదు. తన గిన్నెలో తాను ఒంపుకోకూడదు. ఎదుటివాడి గిన్నె ఖాళీ అయితే చూస్తూ ఊరుకోకూడదు. సారాకి పుట్టిన ఈ మర్యాదను అధ్యక్షులవారు బిళ్ళలకూ ప్రసాదించారు. ఆయన బిళ్ళలు తీసి జట్టు శిక్షకుడైన ముతో దోసిట్లో పోశారు. ముతో మింగాడు. చెయ్యి ఖాళీ అయింది కనుక మళ్ళీ పోశారు. ముతో జట్టులో పెద్దవాడైన ఇగరాషికి పోశాడు, ఇగరాషి కుర్రాళ్ళకి పోశాడు, కుర్రాళ్ళు తిరిగి ఇగరాషికి పోశారు. మర్యాదస్తులు కనుక ఎవరూ వద్దనలేదు. వేగంగా మింగినవాడికి వేగంగా వడ్డన జరిగింది.

కుజుమి మాత్రం మింగలేదు. తాగుడు పడని అతని చిన్నాన్న ముప్పై ఏళ్ళు ఆఫీసు విందుల్లో నిండు గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ విద్య కుజుమికి అబ్బింది.

"ఏరా, మింగవేం?" అన్నాడు ఇగరాషి నోటినిండా పచ్చగా.

"చూస్తున్నానన్నా. రంగు బాగుంది."

"రంగు చూడ్డానికి ఇదేమన్నా చీరా? అధ్యక్షులవారు ఇటే చూస్తున్నారు. కానియ్."

"అయ్యో, నీ చెయ్యి ఖాళీగా ఉందన్నా," అని కుజుమి పాత్ర ఎత్తి ఇంకో గుప్పెడు ఒంపాడు. తన పట్టీ మీద తానే మన్ను పోసుకుంటున్నానని అప్పుడు తోచలేదు పాపం.

ఆ మధ్యాహ్నం అయిదో మలుపు దగ్గర కాచుకున్న కుజుమికి, తన ముందు దూరం పరిగెత్తే ఇగరాషి కనిపించాడు. భుజాన ఆకుపచ్చ పట్టీ మెరుస్తోంది. కుజుమి చేతులు చాచాడు. అంతలో ఇగరాషి రోడ్డు వదిలి నారింజ తోటలోకి తిరిగాడు.

"అన్నా! దారి ఇటు!"

"తెలుసురా!" అని చెట్ల చాటునుంచి కేక వచ్చింది. "ఒక్క నిమిషం ఆగమను!"

పందెం వాళ్ళు ఆగలేదు. ఉత్త పట్టీ మెడలో పడింది. ఆ కసితో కుజుమి తొమ్మిదిమందిని దాటి, ఆ దూరం అందరికంటే వేగంగా ముగించాడు. వెనకటి ఆలస్యం లెక్కలో చేరి జట్టు మాత్రం తన స్థానం తాను నిలబెట్టుకుంది.

సాయంత్రం విలేఖరుల ముందు అధ్యక్షులవారు నడుం వంచి క్షమాపణ చెప్పి, నడుం ఎత్తి విజయం ప్రకటించారు. "మా వీరుల కడుపుల్లో జరిగింది రోగం కాదు. మేలు మలుపు! తరతరాల విషం ఒక్క పూటలో బయటపడింది. ఇక కుజుమిని చూడండి, బిళ్ళ మహిమ కళ్ళముందు నిలబడింది!"

నిజం చెబితే వచ్చే ఏడు బిళ్ళలు మానేస్తారు, పట్టీ తన దాకా వస్తుంది అనుకున్నాడు కుజుమి. లేచి తలవంచి, "క్షమించాలి. నేను ఒక్కటి కూడా మింగలేదండీ. చేతిలోనే ఉంచుకున్నాను," అన్నాడు.

ముతో కళ్ళు మూసుకున్నాడు. అధ్యక్షులవారు మాత్రం అరనిమిషంలో తేరుకున్నారు.

"విన్నారా! చేతిలోనే ఉంచుకున్నాడట!"

నెల తిరక్కుండా 'పిడికిలి బిళ్ళ' బజారుకొచ్చింది. బిళ్ళ పాతదే, డబ్బా కొత్తది, వెల రెట్టింపు. మింగకూడదు, పట్టుకోవాలి. రెండు చేతులా పట్టుకుంటే రెండింతల ఫలం. పిడికిలి విప్పితే శక్తి జారిపోతుంది. పరీక్షలకు కూర్చున్న పిల్లలు కలాన్ని వేళ్ళ సందున ఇరికించుకున్నారు. మంగలివాళ్ళు గడ్డాలు గీయడం మానేశారు. అదృష్టవశాత్తూ ఆ దేశంలో పలకరింపుకి నడుం చాలు, చేతులక్కర్లేదు కనుక సంఘజీవనానికి ఏ లోటూ రాలేదు.

మరుసటి ఏడు పందెంలో ఎవరి కడుపూ చెడలేదు. పట్టీ వరస ఎక్కడా తెగలేదు. మొదటి నలుగురూ మోచేతులతో, పళ్ళతో ఎలాగో అందించుకున్నారట. ఇగరాషి అయిదో మలుపు తిరిగి, నారింజ తోటకేసి కన్నెత్తైనా చూడకుండా తిన్నగా వచ్చి కుజుమి ముందు నిలబడ్డాడు. రెండు పిడికిళ్ళూ బిగించే ఉన్నాయి. కుజుమి చేతులూ అంతే. ముతో పొద్దున్నే నింపి పంపాడు.

"తీసుకోరా!" అన్నాడు ఇగరాషి, భుజం ముందుకు చాపి.

"నువ్వు తీసి ఇవ్వన్నా!"

"విప్పితే శక్తి పోతుందిరా! నువ్వే విప్పు!"

"నీ పరుగు అయిపోయింది కదన్నా, ఇంకా శక్తెందుకు?"

"ఇంటికెళ్ళాలి కదరా!"

పందెం ఉద్యోగి గడియారం చూసుకుంటూ ఉత్త పట్టీ పైకెత్తాడు. అతను కూడా దాన్ని మణికట్టుకి తగిలించుకునే ఎత్తాడు.

కుజుమి ఆ గుడ్డకేసి చూశాడు. తరవాత తన పిడికిళ్ళకేసి చూసుకున్నాడు. విప్పాడు. బిళ్ళలు రోడ్డు మీద జలజలా రాలిపోయాయి. జనం గుండె పట్టుకున్నారు. ఇగరాషి మెడలోంచి పట్టీని రెండు చేతులా తీసి, భుజాన వేసుకుని పరిగెత్తాడు. తడిగా, చల్లగా, చెమటకంపుతో, ఎంతో బాగుంది.

గమ్యం దగ్గర పట్నమంతా బారులు తీరి ఉంది. కుజుమి ఆకుపచ్చ పట్టీని విప్పారిన అరచేతుల మధ్య చాచి పట్టుకుని గీత దాటాడు. వెనక్కి తిరిగి, వచ్చిన దారికి వంగి దణ్ణం పెట్టాడు. అలాగే కొంచెంసేపు ఆగాడు.

చప్పట్లు మాత్రం వినపడలేదు. జనానికి అతనిమీద కోపమేమీ లేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు, అంతే.