జలాంతర్గామిలో దాక్కున్న దుర్గారావు

రాయగడలో చింతపండు హోల్‌సేల్ వ్యాపారం చేసే దుర్గారావుకి విశాఖపట్నమంటే ఇష్టమే. అక్కడున్న తోడల్లుడంటేనే దడ.

ఆ తోడల్లుడు సూర్యారావు ఉద్యోగం నుంచి దిగిపోయాక మైకున్న పాటల పెట్టె ఒకటి కొన్నాడు. ఇంటికెవరొచ్చినా కూర్చోబెట్టి పాడతాడు. ఆ గొంతు కకిరిగుమ్మ స్టేషను దగ్గర గూడ్సు బండి బ్రేకు వేసినట్టుంటుంది. దుర్గారావు ఆయనకి మనసులోనే గళాసురుడని పేరు పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం అక్కని చూసి రావాలని భార్య పద్మకుమారి పట్టుబట్టింది. కాదంటే ఇంట్లో యుద్ధం. అందుకని దుర్గారావు ఒక ఎత్తు వేశాడు.

"ముందు బీచిలో ఆ జలాంతర్గామి మ్యూజియం సూద్దారి. అట్నుంచటే మీ అక్క దగ్గిరికి."

"యుద్దాల మీద ఇంత పేమ ఎప్పుడు పుట్టింది మీకు?"

"దేశభక్తే."

"పంద్రాగస్టుకి మద్దినాళం దాకా పడుకుంటారు గదా," అంది పద్మకుమారి.

అతని లెక్క తేలికే. సాయంత్రం దాకా సాగదీస్తే తిరుగు రైలు వేళవుతుంది. అయ్యో పాపం అనుకుంటూ నేరుగా స్టేషనుకి పోవచ్చు.

రిటైరైన ఆ యుద్ధనౌకలో అన్నీ గొట్టాలే, చక్రాలే. తలుపులంటే గుండ్రటి కన్నాలు. మొదటి కన్నంలో దుర్గారావు కాలు పట్టింది, తల పట్టింది, పొట్ట పట్టలేదు. కాసేపయ్యాక పద్మకుమారి వెనకనుంచి ఒక్క తోపు తోసింది. టార్పెడోలా అవతల పడ్డాడు.

లేచి దుమ్ము దులుపుకుని, గైడుని ప్రతి గొట్టం గురించీ అడగడం మొదలెట్టాడు. గైడు బిశ్వజిత్ మాజీ నావికుడు. అతని యాస విని పద్మకుమారి ఒడియాలో పలకరించింది. చూస్తే రాయగడ పక్కనున్న కోరాపుట్ మనిషే. ఇక దుర్గారావు అడగాల్సిన పని లేకపోయింది.

"లోపలుండే ఇంతమందికీ ఈ అలమారంత వంటింట్లోనే వండీవోరా నాయనా?" అని పద్మకుమారి ఆరా తీసింది.

వండేవాళ్లమన్నాడు బిశ్వజిత్. శత్రువుకి వినబడకుండా ఒక్కోసారి నోరు మూసుకుని ఉండేవాళ్లమనీ చెప్పాడు. తోడల్లుణ్ణి ఇందులో చేర్చుకుని ఉంటే ఎంత బాగుండేదని దుర్గారావు నిట్టూర్చాడు.

అనుకున్న వేళ రానే వచ్చింది. "పద్మా, రైలు."

"రోడ్డు దాటితే విమానం మ్యూజియం కూడా ఉందట. దేశభక్తి సగంలో ఆపీకూడదు."

విమానంలో ఆమె పైలట్ సీటు దగ్గర్నుంచి తోక దాకా వదల్లేదు. బయటికొచ్చేసరికి సముద్రం మీద చీకటి పడుతోంది.

"రైలెల్లిపోనాది," అని దుర్గారావు మెట్టు మీద కూలబడ్డాడు.

"పోనీండి. రాత్రికి ఉండిపోతామని అక్కకి సెప్పీసేను. గారెలకి పప్పు కూడా నానేసీసింది."

"ఎప్పుడు సెప్పేవు?"

"మీరా కన్నంలో ఇరుక్కున్నప్పుడు. అటూ ఇటూ కదల్నేరు గదా, తీరిగ్గా ఫోను సేసేను. దేశభక్తన్నప్పుడే నాకు అర్తమైపోనాది."

ఇంతలో ఒక కారొచ్చి ఆగింది. అద్దం దిగింది. లోపల సూర్యారావు, చేతిలో మైకు.

"ఎక్కు తమ్ముడూ. పాటల పెట్టె కార్లో కూడా పెట్టించీసేను."

దుర్గారావు వెనక తలుపు తీయబోయాడు. పద్మకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు కూసోండి. అక్కడైతే బాగా ఇనబడతాది."